బరంపురంలో మొదటి పెట్టుబడి: ఫ్లాటా, స్థలమా? ఒడియా పట్టా చదవడం తెలిసినవాళ్లు చెప్పండి

బాహుదా ఒడ్డు
అందరికీ నమస్కారం. ఇంటిమీదో స్థలంమీదో మొదటిసారి డబ్బు పెడదామనుకుంటున్నాను. చేతిలో 12 లక్షలు ఉన్నాయి, బ్యాంకు 30 లక్షల దాకా ఇస్తానంటోంది. మూడు బేరాలు చూశాను. బరంపురంలో అంబపువా వైపు ఇంకా కడుతున్న అపార్ట్‌మెంటులో ఫ్లాటు, 36 లక్షలు. గోపాల్‌పూర్ రోడ్డులో 2 గుంటల స్థలం. రాయగడ ఊరి అంచున 10 డెసిమళ్ల స్థలం, ఇది మరీ చవక. నెలనెలా అద్దె వస్తే మంచిది, పదేళ్లకు ధర పెరిగినా మంచిదే. ఒడియా మాట్లాడతాను, చదవడం అంతంతమాత్రం. ముందు దేన్ని పట్టుకోవాలి?

దస్తావేజు తాత
ముందు బేరాన్ని కాదు బాబూ, పట్టాని పట్టుకో. మూడింటికీ ఖాతా నంబరు, ప్లాట్ నంబరు, మౌజా (రెవెన్యూ గ్రామం) పేరు, తహసీలు పేరు అడుగు. ఇక్కడ ప్లాట్ నంబరు అంటే మన ఆంధ్రావాళ్ల సర్వే నంబరు లాంటిది, లేఔటులో వేసే ప్లాటు నంబరు కాదు. ఈ నాలుగూ ఉంటే ఒడిశా ప్రభుత్వ భూలేఖ్ సైటులో పట్టా నకలు ఎవరికైనా కనిపిస్తుంది. నంబర్లు చెప్పడానికి నీళ్లు నమిలేవాడి దగ్గర టీ కూడా తాగకు.

పట్టా ముందు పేజీలో చూడవలసినవి నాలుగే. ఖాతాదారు పేరు, తండ్రి పేరు. పక్కనే జాతి, అంటే కులం. 'స్వత్వ', అంటే హక్కు రకం, అన్నచోట ఏం రాశారో. 'స్థితిబాన్' అని ఉంటే పక్కా రైతు హక్కు. అడుగున 'విశేష అనుషంగ' అన్న గడి. లీజు షరతులు, కేసు నంబర్లు అందులో దాక్కుంటాయి. వెనక పేజీలో ప్లాట్ నంబరు, కిసం, హద్దులు, విస్తీర్ణం, చివర మంతవ్యం, అంటే రిమార్కులు.

కిసం అంటే భూమి రకం. 'ఘరబారి' అని ఉంటే ఇంటి స్థలం. 'శారద' అంటే వరి పొలం, దాని పక్కన 1, 2 అని తరగతి ఉంటుంది. 'గోచర' పశువుల మేత భూమి, 'జలాశయ' చెరువు, 'నాళ' కాలువ, 'జంగల్' అడవి. ఈ చివరి నాలుగూ కనిపిస్తే, ఖాతాలో ఎవరి పేరున్నా సరే, ఆ కాగితం మడిచి ఇచ్చేసి రా.

ఒడియా అక్షరాలు రాకపోతే ఈ ఆరేడు మాటలు ఎలా ఉంటాయో ఒక కాగితం మీద రాయించుకుని జేబులో పెట్టుకో. చదువు రావక్కర్లేదు, బొమ్మ గుర్తుపడితే చాలు.

ఇచ్ఛాపురం సందు
తాతగారూ, శారద భూమి అయితే ఏమైంది? గోపాల్‌పూర్ రోడ్డులో సగం ఇళ్లు శారదలోనే లేచాయి కదా. రిజిస్ట్రేషన్ కూడా అవుతోంది.

మహేంద్రతనయ
రిజిస్ట్రేషన్ అవుతుంది, ఇల్లు కట్టుకోవడానికి అనుమతి రాదు. అక్కడే కొత్తవాళ్లు దెబ్బతింటారు. పొలాన్ని ఇంటి స్థలంగా మార్చడానికి ఒడిశా భూసంస్కరణల చట్టం 1960లో 8-ఏ సెక్షన్ ఉంది. తహసీల్దారుకు దరఖాస్తు పెట్టి, రుసుము కట్టి, పట్టాలో కిసం మార్పించుకోవాలి. అది కాకుండా బరంపురం డెవలప్‌మెంట్ అథారిటీ ప్లాను ఇవ్వదు, ప్లాను లేనిదే బ్యాంకు గృహరుణం ఇవ్వదు. అప్పు దొరకని స్థలాన్ని రేపు మీరు అమ్మబోతే కొనేవాడు కూడా నగదు ఉన్నవాడే అయ్యుండాలి, వాడు ధర నొక్కేస్తాడు. శారద స్థలం చవక కావడానికి సగం కారణం ఇదే.

కాబట్టి మార్పిడి ఖర్చు, పని అమ్మేవాడి నెత్తిన పెట్టండి. 'కొన్నాక మీరు చేయించుకోవచ్చు, నెల పని' అంటే, 'ఆ నెల పనేదో మీరే చేసి ఇవ్వండి, ధరలో తేడా మాట్లాడుకుందాం' అనండి.

కొలతబద్ద
బాహుదా ఒడ్డు గారూ, ఆ '2 గుంటలు' అన్నది ఎవరు? అమ్మేవాడా, మధ్యవర్తా, మధ్యవర్తి అయితే ఏ ఊరివాడు? ఈ సరిహద్దులో ఎక్కువ గొడవలు ఈ ఒక్క మాట మీదే వస్తాయి.

ఒడిశాలో ఎకరానికి 25 గుంటలు. అంటే గుంటకు 4 డెసిమళ్లు, 1,742 చదరపు అడుగులు. తెలుగు రాష్ట్రాల లెక్కలో ఎకరానికి 40 గుంటలు. గుంటకు 121 చదరపు గజాలు, 1,089 చదరపు అడుగులు. మీ 2 గుంటలు ఒడిశా గుంటలైతే 3,485 అడుగులు, అటువైపు గుంటలైతే 2,178. మూడో వంతుకు పైగా తేడా!

డెసిమల్ మాత్రం మన సెంటే: ఎకరంలో నూరో వంతు, 435.6 చదరపు అడుగులు, 48.4 గజాలు. అందుకని బేరం డెసిమళ్లలోనే ఆడండి, ఒప్పందంలో డెసిమళ్లు, చదరపు అడుగులు రెండూ రాయించండి. పట్టాలో విస్తీర్ణం ఎకరాల్లో దశాంశంగా ఉంటుంది. 0.0500 అంటే 5 డెసిమళ్లు, 0.0050 అంటే అర డెసిమల్. సున్నాలు వేలితో లెక్కపెట్టండి, సిగ్గేం లేదు.

బాహుదా ఒడ్డు
మధ్యవర్తి చెప్పాడండీ, సోంపేట ఆయన. పట్టా ఇప్పుడు తెరిచాను. ప్లాట్ మొత్తం 0.3200 అని ఉంది, కిసం శారద 2. అందులోంచి నాకు ముక్క కోసి ఇస్తారట. ఖాతాలో ముగ్గురి పేర్లున్నాయి, అమ్ముతానంటున్నది ఒక్కాయనే.

ఇచ్ఛాపురం సందు
అయితే నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

దస్తావేజు తాత
హహ. ఒక్క పట్టాలో మూడు గోతులు.

మొదటిది కిసం, అది చెప్పుకున్నాం. రెండోది, ముగ్గురు భాగస్తుల్లో ఒక్కడు అమ్మడం. రిజిస్టరైన పంపకం కాగితం ఉండి, దాని ప్రకారం ఖాతా విడిపోయి ఉంటే అది వేరే మాట. లేకపోతే నువ్వు కొనేది 'విభజన కాని వాటా'. తూర్పు మూల నాదని ఆయన వేలు చూపిస్తాడు, కాగితంలో తూర్పూ లేదు పడమరా లేదు. మిగతా ఇద్దరూ రేపు పంపకం దావా వేస్తే నీకు చెరువు వైపు ముక్క రావచ్చు. ముగ్గురూ దస్తావేజులో అమ్మేవాళ్లుగా సంతకం పెట్టాలి. ఆ ముగ్గురిలో ఎవరైనా పోయి ఉంటే వారసుల సర్టిఫికెట్టు తెమ్మని అడుగు, కూతుళ్ల పేర్లు అందులో ఉన్నాయో లేదో చూడు. ఆడపిల్లలకు కట్నం ఇచ్చేశాం, వాళ్లకేం వాటా అంటారు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ తరవాత ఉమ్మడి ఆస్తిలో కూతురు కొడుకుతో సమానం. 2020లో సుప్రీంకోర్టు, తండ్రి 2005 నాటికి బతికి ఉండనక్కర్లేదని కూడా తేల్చింది.

మూడోది ముక్క కోయడం. 32 డెసిమళ్ల ప్లాట్‌లోంచి 8 డెసిమళ్లు నీకు, 8 ఇంకొకడికి అని అమ్ముకుంటూ పోతే అది లేఔటు అవుతుంది. అథారిటీ ఆమోదం లేని లేఔటులో ఇంటి ప్లానుకు దరఖాస్తు పెడితే అక్కడే ఆగుతుంది.

కొలతబద్ద
నాలుగోది దారి. కోసిన ముక్కకు దారి ఎక్కడినుంచి? రెవెన్యూ పటంలో 'రస్తా' అని ఉన్న ప్రభుత్వ దారి ఆ ముక్కకు ఆనుకుని ఉందా? లేక అమ్మేవాడు తన భూమిలోంచే పన్నెండడుగులు వదిలి ఇదే దారి అంటున్నాడా? రెండోదైతే ఆ పన్నెండడుగులు ఇంకా ఆయన పేరుతోనే ఉన్నట్టు. దస్తావేజులో మీకు శాశ్వత నడక, బండి, నీటిపైపు, కరెంటు లైను హక్కు ఉందని రాయాలి. దారి పొడవు, వెడల్పు అంకెల్లో రాసి, పటం గీసి జతచేయాలి. 'దారి కలదు' అని ఒక్క ముక్కతో సరిపెట్టిన దస్తావేజు వల్ల ఉపయోగం లేదు.

సిమెంటు చెయ్యి
శారద 2 అంటే వర్షాకాలం నీళ్లు నిలిచే నేల కావచ్చు. రోడ్డు కన్నా ఎంత పల్లంలో ఉందో చూశారా? 3,485 అడుగుల స్థలాన్ని 3 అడుగులు ఎత్తు చేయాలంటే 10,455 ఘనపుటడుగుల మట్టి. దిమ్మిస్తే దిగుతుంది కాబట్టి పావు వంతు కలిపి 13,000 వేసుకోండి. టిప్పరుకు 300 ఘనపుటడుగుల చొప్పున 43 లోడ్లు. లోడు ధర కనుక్కుని స్థలం ధరకు కలపండి, అప్పుడు చవకో కాదో తెలుస్తుంది. కొత్తగా పోసిన మట్టి మీద పునాది వేయకూడదు, పాత గట్టినేల దాకా గొయ్యి దిగాల్సిందే. అంటే పునాది స్తంభాలు కూడా ఆ మూడడుగులు పొడుగవుతాయి.

గోపాల్‌పూర్ దగ్గర కడితే ఉప్పుగాలి సంగతి వేరే ఉంది. దాన్ని మళ్లీ రాస్తాను.

కొండదారి
రాయగడ స్థలం గురించి ఎవరూ మాట్లాడలేదు. అది మరీ చవక అన్నారు కదా, అమ్మేవాళ్ల జాతి గడిలో ఏముందో చూశారా?

బాహుదా ఒడ్డు
చూశాను. షెడ్యూల్డ్ తెగ. మధ్యవర్తి అన్నది ఏమిటంటే, కలెక్టరు అనుమతి తెచ్చుకోవచ్చు, లేదా ప్రస్తుతానికి అక్కడి మనిషి ఒకడి పేరు మీద రాయించుకోవచ్చు అని.

కొండదారి
రెండూ తప్పే. ఆ మధ్యవర్తితో బేరం ఇక్కడితో ఆపేయండి.

రాయగడ, కోరాపుట్, నబరంగపూర్, మల్కనగిరి నాలుగు జిల్లాలూ పూర్తిగా షెడ్యూల్డ్ ప్రాంతం. అక్కడ 1956 నాటి 2వ రెగ్యులేషన్ నడుస్తుంది. మొదట్లో అధికారి అనుమతితో గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి వెళ్లేది. 2002 సవరణతో ఆ తలుపు మూసేశారు. ఇప్పుడు గిరిజనుడి భూమి గిరిజనుడికే. అనుమతి అన్న మాటే లేదు.

ఇంకొకరి పేరు మీద కొనడం బినామీ. ఆస్తి జప్తు, ఏడాది నుంచి ఏడేళ్ల దాకా జైలు, ఆస్తి మార్కెట్ విలువలో 25 శాతం దాకా జరిమానా. పైగా ఆ మనిషి రేపు భూమి నాదే అంటే మీరు కోర్టుకెళ్లి ఏం చెప్పుకుంటారు?

అక్కడ గిరిజనేతరుల భూమి కొనొచ్చు. రాయగడ, జయపురం, గుణుపురం పట్నాల్లో అలాంటి ఇళ్లు, స్థలాలు ఉన్నాయి. కానీ ఇప్పుడు అమ్మేవాడు గిరిజనేతరుడు అయితే చాలదు, వాడికి ఎవరి నుంచి వచ్చిందో చూడాలి. 1956కూ 2002కూ మధ్య ఎక్కడైనా గిరిజనుడి చేతిలోంచి మారి ఉంటే, ఆనాటి అనుమతి ఉత్తర్వు నకలు కావాలి. అది లేకపోతే భూమిని తిరిగి ఇప్పించే కేసు ఎప్పుడైనా తెరుచుకోవచ్చు.

ఇంకో చిక్కు, పేర్ల చిక్కు. గజపతి జిల్లాలో కూడా రాయగడ అనే బ్లాకు ఉంది. పర్లాకిమిడి తహసీలులో ఆ రాయగడ బ్లాకు, గుమ్మ బ్లాకు షెడ్యూల్డ్ ప్రాంతమే, ఆర్.ఉదయగిరి తహసీలు కూడా. గంజాంలో సురడా తహసీలు, రెండు పంచాయతీలు మినహాయించి. బరంపురం, గోపాల్‌పూర్, ఛత్రపురం ఇందులో లేవు.

మహేంద్రతనయ
కొండదారి గారికి ఒక్కటి కలుపుతాను. షెడ్యూల్డ్ ప్రాంతం బయట, అంటే బరంపురంలో కూడా, అమ్మేవాళ్లు ఎస్టీ అయినా ఎస్సీ అయినా భూసంస్కరణల చట్టం 22వ సెక్షన్ ఉంది. వేరే వర్గాలవాళ్లకు అమ్మాలంటే రెవెన్యూ అధికారి ముందస్తు రాతపూర్వక అనుమతి కావాలి. అది లేని అమ్మకం చెల్లదు. 'ముందస్తు' అన్న మాట గట్టిగా పట్టుకోండి, రిజిస్ట్రేషన్ అయ్యాక తెచ్చింది పనికిరాదు.

గుడి, మఠం భూములు కూడా ఇంతే. బరంపురం చుట్టుపక్కల దేవుడి పేరు మీద ఖాతాలు చాలా ఉన్నాయి. పూజారో ధర్మకర్తో అమ్మేస్తానంటాడు. 1951 దేవాదాయ చట్టం 19వ సెక్షన్ ప్రకారం కమిషనర్ మంజూరు లేనిదే ఆ అమ్మకం నిలవదు.

వడ్డీలెక్క
స్థలాలు రెండూ పక్కకు పోయినట్టే కాబట్టి ఫ్లాటు లెక్క చూద్దాం.

36 లక్షల ఫ్లాటు, 30 లక్షల అప్పు. 30 లక్షల దాకా అప్పుకు బ్యాంకులు ఆస్తి విలువలో 90 శాతం వరకు ఇవ్వొచ్చు, అది దాటితే 80 శాతం. మీ అప్పు 83 శాతం, పరిధిలోనే ఉంది. అయితే ఈ విలువలో స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులు కలపరు. అవి మీ జేబులోంచే.

ఒడిశాలో స్టాంపు డ్యూటీ మగవాళ్ల పేరుకు 5 శాతం, ఆడవాళ్ల పేరుకు 4, రిజిస్ట్రేషన్ రుసుము 2 శాతం. మీ పేరుతో అయితే 2,52,000. ఇంట్లో ఆడవాళ్ల పేరుతో అయితే 2,16,000. ఒప్పుకున్న ధర, ప్రభుత్వ బెంచ్‌మార్క్ విలువ, రెండిట్లో ఏది ఎక్కువైతే దాని మీద లెక్క.

ఇంకా కడుతున్న ఫ్లాటు కాబట్టి జీఎస్టీ ఉంటుంది. కార్పెట్ వైశాల్యం (గోడల లోపలి చోటు) 90 చదరపు మీటర్లలోపు, అంటే సుమారు 968 అడుగులలోపు ఉండి, ధర 45 లక్షలు దాటకపోతే 1 శాతమే: 36,000. లేదంటే 5 శాతం: 1,80,000. బిల్డరు 5 అంటే ఎందుకో అడగండి. కట్టడం పూర్తయి కంప్లీషన్ సర్టిఫికెట్టు వచ్చాక కొంటే జీఎస్టీ లేదు.

చేతి నుంచి 6 లక్షలు, రిజిస్ట్రేషన్ 2.16, జీఎస్టీ 0.36, లాయరు, బ్యాంకు ఛార్జీలు కలిపితే 9 లక్షల దరిదాపు. మిగిలేది మూడు. అందులో ఆరు నెలల కిస్తీ ముట్టుకోకుండా పక్కన పెట్టండి. 8.5 శాతం, 20 ఏళ్లకు 30 లక్షల మీద కిస్తీ 26,035. ఆరు నెలలది 1,56,000.

ఇక అద్దె. 10,000 వస్తుందనుకుందాం. ఏడాదికి 1,20,000. ఒక నెల ఖాళీ, 10,000 పోయింది. మెయింటెనెన్సు మీరే కడితే నెలకు 1,500 చొప్పున 18,000. పన్ను, సున్నం, పంపు రిపేరు 8,000. మిగిలింది 84,000, పెట్టిన ధర మీద 2.33 శాతం. నెలకు 7,000. కిస్తీలో తక్కిన 19,000 జీతంలోంచి కట్టుకోవాలి. మొదటి ఏడాది కిస్తీల్లో రెండున్నర లక్షలు వడ్డీకే పోతాయి. 'అద్దెతో కిస్తీ తీరిపోతుంది' అని చెప్పే సేల్స్ కుర్రాడికి ఈ లెక్క చూపించండి.

ఇచ్ఛాపురం సందు
మరి 2 శాతం కోసం ఎవరైనా ఫ్లాటు కొంటారా వడ్డీలెక్క గారూ? ఫిక్స్‌డ్ డిపాజిట్టే నయం కదా. కట్టడం ఏడాదేడాదికీ పాతబడుతుంది, భూమి పాతబడదు. అందుకే నేను స్థలమే అంటాను. కాగితం శుభ్రంగా ఉన్న ఘరబారి స్థలం.

వడ్డీలెక్క
మీ మాటలో సగం ఒప్పుకుంటాను. ధర పెరుగుదల భూమిదే, ఫ్లాటులో మీ వాటాకు వచ్చే భూమి చిన్నది. కానీ ఖాళీ స్థలానికి అద్దె సున్నా, అప్పు మీద కొంటే కిస్తీ మొత్తం జీతంలోంచే, ఇల్లు కట్టేదాకా వడ్డీకి పన్ను మినహాయింపూ లేదు. పైగా ఊరికి దూరంగా ఉండేవాళ్లు స్థలానికి కాపలా కాయలేరు.

మధ్యేమార్గం ఒకటుంది, అది బరంపురంలో బాగా నడుస్తుంది. ఎంకేసీజీ వైద్య కళాశాలకు, భంజవిహార్‌లోని యూనివర్సిటీకి, లౌడిగాంలోని సైన్సు విద్యాసంస్థ ఐసర్‌కు రాకపోకలు తేలికైన చోట, చిన్న స్థలంలో ఉన్న పాత ఇల్లు. కింద ఒక వాటా, పైన ఒకటి. చదువుకునేవాళ్లు, హౌస్‌సర్జన్లు, బదిలీ మీద వచ్చే ఉద్యోగులు ఏటా మారుతూనే ఉంటారు కాబట్టి అద్దెకు కొదవ ఉండదు. ఇంటి గోడలకు విలువ లేకపోయినా కింద భూమి మొత్తం మీదే.

సిమెంటు చెయ్యి
పాత ఇల్లు అన్నారు కాబట్టి ఉప్పుగాలి సంగతి ఇప్పుడే రాస్తాను.

సముద్రం గాలి తగిలే చోట కాంక్రీటుకు ఐఎస్ 456 కోడ్ 'తీవ్ర' తరగతి చెబుతుంది. కనీసం ఎం30 రకం కాంక్రీటు, ఊచ మీద 45 మిల్లీమీటర్ల మందం కాంక్రీటు (కవర్). ఊరి మేస్త్రీలు బలం తక్కువైన ఎం20 పోసి, స్లాబుకు 15 మిల్లీమీటర్ల రాయి ముక్క పెట్టి వదిలేస్తారు. ఉప్పు లోపలికి దిగుతుంది, ఊచ తుప్పు పట్టి ఉబ్బుతుంది, కాంక్రీటు పెచ్చులూడుతుంది.

పాత ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు సుత్తి పిడితో స్లాబు అడుగున, బాల్కనీ అంచున, మెట్ల కింద తట్టండి. గట్టి చప్పుడు వస్తే సరే. డొల్ల చప్పుడు వస్తే పెచ్చు విడిపోయిందని అర్థం. ఊచ వరసన నిలువు పగులు, గోధుమరంగు మరక కనిపిస్తే లోపల తుప్పు మొదలైంది. కొత్తగా సున్నం, పుట్టీ వేసిన చోట మరీ ఎక్కువ తట్టండి, అమ్మేముందు పూత పూసేది దాచడానికే. 2013 ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. అంతకు ముందు కట్టిన ఇళ్లలో పైకప్పు రేకు, పిట్టగోడ, నీళ్లట్యాంకు బిగింపు ఎప్పుడు మార్చారో అడగండి.

సముద్రం పోటు గీత నుంచి 500 మీటర్లలోపు ఏది కొన్నా తీరప్రాంత నియంత్రణ నిబంధనలు వర్తిస్తాయి. 'సముద్రం కనిపిస్తుంది' అని ప్రకటన వేసిన ప్రతి స్థలానికీ ఈ పటం ముందు చూడాలి.

బాహుదా ఒడ్డు
ఫ్లాటు ఇంకా వదలలేదు నేను. బిల్డరు 1,200 అడుగులు అంటున్నాడు. 5 లక్షలు ఇచ్చి బుక్ చేసుకోమంటున్నాడు, ఒప్పందం తరవాతట.

మహేంద్రతనయ
1,200 అన్నది సూపర్ బిల్టప్ అయ్యుంటుంది. మెట్లు, లిఫ్టు, వరండా వాటా అన్నీ కలిపిన అంకె. రెరా (ఇళ్లు, ఫ్లాట్లు కొనేవాళ్ల రక్షణ చట్టం) ప్రకారం ధర కార్పెట్ వైశాల్యం మీద చెప్పాలి, అంటే గోడల లోపల మీరు చాప పరుచుకోగల చోటు. 900 అడుగులు కార్పెట్ అనుకుంటే అడుగు ధర 3,000 కాదు, 4,000. పక్క అపార్ట్‌మెంటుతో పోల్చేటప్పుడు రెండిటికీ కార్పెట్ అంకెలే పెట్టుకోండి. (వడ్డీలెక్క గారు చెప్పిన 968 అడుగుల హద్దు కూడా కార్పెట్టుకే.)

5 లక్షలు ఇప్పుడు ఇవ్వకండి. రెరా చట్టం 13వ సెక్షన్ ప్రకారం ఒప్పందం రాసి రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. 36 లక్షలకు 3,60,000. ఆయన అడిగిందే చట్టం దాటింది. 500 చదరపు మీటర్లు మించిన స్థలమైనా, 8కి మించి ఫ్లాట్లున్నా ఒడిశా రెరాలో నమోదు తప్పనిసరి. నమోదు నంబరు అడిగి రెరా సైటులో పూర్తి చేస్తానన్న తేదీ, ఆమోదించిన అంతస్తులు చూడండి. ప్లానులో నాలుగంతస్తులుండి ఐదోది అమ్ముతున్నారేమో కూడా అక్కడే తెలుస్తుంది. కొనుగోలుదార్ల డబ్బులో 70 శాతం విడి ఖాతాలో ఉండాలి. అప్పగించాక ఐదేళ్లలో కట్టడం లోపం బయటపడితే బిల్డరు తన ఖర్చుతో బాగుచేయాలి. మీరు చెప్పిన 30 రోజుల్లో చేయాలి. వాట్సాప్‌లో కాక రిజిస్టర్డ్ పోస్టులో చెప్పండి.

ఇంకొకటి. బ్యాంకు లాయరు చూశాడు కదా, మనకెందుకు ఇంకో లాయరు అనుకుంటారు. ఆయన బ్యాంకు డబ్బు తిరిగి వస్తుందా అని చూస్తాడు. మీకోసం చూసే మనిషి వేరే ఉండాలి, ఆయన 30 ఏళ్ల లింకు కాగితాలు చదవాలి.

దస్తావేజు తాత
లింకు కాగితాలంటే మనవాళ్లకు ఇక్కడ ఒక సుఖం ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా గంజాం, కోరాపుట్ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. పాత ఇళ్ల మూలదస్తావేజులు తెలుగులోనే దొరుకుతాయి. ఒడియా రాకపోయినా తాతలనాటి కాగితం చదవగలవు! కష్టం ఎక్కడంటే, ఆ కాగితంలో నంబరు ఒకటి, ఇప్పటి పట్టాలో నంబరు ఇంకొకటి. పాత సెటిల్‌మెంటు నంబరును 'సాబిక్' అంటారు, ఇప్పటిదాన్ని 'హాల్'. ఏ సాబిక్ ప్లాటు ఏ హాల్ ప్లాటు అయిందో పోలిక కాగితం తహసీలు నుంచి తెప్పించు. ఒక సాబిక్ ప్లాటు నాలుగు హాల్ ప్లాట్లుగా విడిపోయి, దస్తావేజు ఒకదానిదీ, అమ్మకం ఇంకోదానిదీ అయిన బేరాలు కొల్లలు.

పాత ఊరి మధ్యలో అయితే 'గ్రామకంఠ పరంబోకు' అని కూడా కనిపిస్తుంది. నాలుగు తరాలుగా కాపురం ఉన్నా ఖాతా ప్రభుత్వానిదే. ఇంటివాళ్ల పేరున స్థితిబాన్‌గా పట్టా అయ్యాకే డబ్బు ఇవ్వాలి.

జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద అమ్ముతానంటే వద్దను. జీపీఏతో హక్కు మారదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది.

బాహుదా ఒడ్డు
అర్థమైంది. రెండు స్థలాలూ వదిలేశాను. బిల్డరును రెరా నంబరు అడిగితే 'వస్తుంది' అన్నాడు, కాబట్టి అదీ వదిలేశాను. వడ్డీలెక్క గారు చెప్పినట్టు పాత ఇల్లు ఒకటి చూశాను. 5 డెసిమళ్లు, ఘరబారి, స్థితిబాన్, ఒక్కరి పేరే, ఆవిడ బతికే ఉన్నారు. 34 లక్షలు అంటున్నారు. బయానా ఎలా ఇవ్వాలి? తరవాత వరస ఏంటి?

దస్తావేజు తాత
బయానా బ్యాంకు ద్వారానే. 20,000 గానీ అంతకు మించి గానీ నగదు తీసుకుంటే తీసుకున్నవాళ్లకు అంతే మొత్తం జరిమానా పడుతుంది, ఆ సంగతి చెబితే ఆవిడ కూడా చెక్కే అడుగుతారు. ఒప్పందంలో గడువు 60 రోజులు పెట్టు. ఈసీలో (ఆస్తి మీద తాకట్లు, అమ్మకాలు చూపే కాగితం) తాకట్టు తేలినా, బ్యాంకు కాగితాలు కుదరక అప్పు నిరాకరించినా బయానా పూర్తిగా వాపసు అని రాయించు. కొలతలో విస్తీర్ణం తగ్గితే డెసిమల్ లెక్కన ధర తగ్గాలని రాయించు. అద్దెకున్నవాళ్లుంటే రిజిస్ట్రేషన్‌కు ముందే ఖాళీ చేయించడమా, వాళ్ల అడ్వాన్సు నీకు బదిలీ చేయడమా, అదీ రాయించు. ఖజానా (భూమి శిస్తు) రసీదు, మున్సిపాలిటీ హోల్డింగ్ పన్ను, కరెంటు బిల్లు చివరివి తీసుకో.

రిజిస్ట్రేషన్ అయ్యాక మ్యుటేషన్, దాఖల్ ఖారజ అంటారు ఇక్కడ. పట్టాలో నీ పేరు కనిపించేదాకా కేసు నంబరు పట్టుకుని చూస్తూ ఉండు. ఇల్లు కొన్నాం కదా అని ఇది వదిలేసినవాళ్లు అమ్మేరోజున మళ్లీ పాత యజమాని పిల్లల వెంట తిరుగుతారు.

వడ్డీలెక్క
ధర 50 లక్షలలోపు కాబట్టి మీరు అమ్మేవాళ్ల డబ్బులోంచి టీడీఎస్ (ముందే కోసే పన్ను) కోయనక్కర్లేదు. ఆవిడ ఎన్‌ఆర్‌ఐ అయితే మాత్రం ఆ హద్దు వర్తించదు, ముందే అడగండి. అద్దె ఒప్పందం 11 నెలలకు రాసుకోండి, ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు.

కొలతబద్ద
బయానా ఇచ్చాక, రిజిస్ట్రేషన్‌కు ముందు కొలిపించండి. తరవాత కొలిస్తే తగ్గిన అడుగులకు ఎవరూ పైసా ఇవ్వరు. ఆన్‌లైన్ పటం మీద స్కేలు పెట్టి కొలిచామని చాలామంది ధీమాగా ఉంటారు. పటం 1:4000 స్కేలు అయితే కాగితం మీద ఒక మిల్లీమీటరు నేల మీద 4 మీటర్లు. పెన్సిలు గీత మందమే ఒకటిన్నర, రెండు మీటర్లు తినేస్తుంది. 5 డెసిమళ్ల ఇంటికి అది చాలా ఎక్కువ.

అమీను (భూమి కొలిచే మనిషి) వచ్చే రోజు అమ్మేవాళ్లు, నాలుగు పక్కలవాళ్లు ఉండాలి. పక్కింటి గోడ నుంచి కొలత మొదలుపెట్టనివ్వకండి, ఆ గోడే జరిగి ఉండొచ్చు. పటంలో ఉన్న స్థిరమైన గుర్తు నుంచి, మూడు ప్లాట్లు కలిసే చోటు నుంచి గానీ దారి మలుపు నుంచి గానీ, రెండు వైపుల నుంచి కొలిచి కలపమనండి. రెండు కొలతలూ ఒక చోట కలవకపోతే ఆ రోజు రాయి పాతొద్దు. కలిస్తే నాలుగు మూలలా సిమెంటు రాళ్లు అప్పటికప్పుడే పాతించి, కొలతల కాగితం మీద వచ్చినవాళ్లందరి సంతకాలు తీసుకోండి. రాళ్లు ముందు రోజే కొని అక్కడ పెట్టుకోండి, అమీను వచ్చాక రాళ్ల కోసం పరుగెత్తితే ఆయన ఇంకో ఊరు వెళ్లిపోతాడు.